నలభై ఒకటి

భాకరాపేటలో బస్సు ఆగినప్పుడు ఒకసారి,
నెరబైలు దాటాక ఒకసారి,
టీ అంగడి దగ్గర అందరూ ఒంటికి పోయొచ్చాక మళ్ళీ ఒకసారి.
నలభై ఒకటి.
గోవిందుడి పేరు కూడా
రోజులో ఇన్నిసార్లు అనుకోను.

నా సంచి చూసి పిల్లలు నవ్వుతారు.
తాడు, రెండు విజిళ్ళు, ఉప్పు చక్కెర పొట్లాలు,
దూది, కత్తెర, చించి మడిచిన పాత పంచె.
కాలు బెణికితే కట్టడానికది.
ఇంతవరకూ ఎవరికీ బెణకలేదు,
అందుకే ఇంకా తెల్లగా ఉంది.
అన్నిటి కిందా
సంతకాలు, వేలిముద్రలు ఉన్న కాగితాలు.
ఒకదాని వెనక పెన్సిలుతో రాసుంది:
"మా అబ్బోణ్ణి నీళ్ళలో దించొద్దు సామీ."
ముందువైపు ఒకసారి చదివాను.
వెనకవైపు రెండుసార్లు.

భయమే తెలీకుండా తిప్పుదామని తేలేదు వీళ్ళని.
పొద్దున బండ ఎక్కించాను.
రిజ్వానా సగంలో బల్లి మాదిరి అతుక్కుపోయింది.
ఏడ్చింది, నన్ను తిట్టింది, పైకి పోయింది.
నడుముకు తాడుంది, తాడు చివర నేనున్నాను.
ఆ సంగతి తను మరిచిపోయిన క్షణం
కింద నించొని చూశాను.
ఈ నెల జీతం అక్కడే ముట్టింది నాకు.
మోకాలు గీసుకోవచ్చు.
మోకాలే పోకూడదు.
ఈ రెంటి నడుమ ఉన్న జానెడు చోటు
నా ఉద్యోగం.

వాగు దగ్గర చెంచయ్య ఆగిపోయాడు.
మోకాలి లోతు నీళ్ళు,
పైన ఉతికి ఆరేసినట్టు ఆకాశం.
అవతలి గట్టు ఇరవై అడుగులు.
ఆ వెనక ఎక్కడో హోరు,
మూడు నెలలుగా నోటుపుస్తకాల చివరి పేజీల్లో
వీళ్ళు గీస్తున్న తలకోన జలపాతం.
చెంచయ్య వంగి
నీళ్ళ మీద పోయేవాటిని చూశాడు.
ఒక మద్దాకు. ఇంకొకటి.
చీమలతో సహా కొట్టుకొస్తున్న ఒక పుల్ల.
"ఇందాకటిదాకా ఎండాకులే వస్తా ఉండె సార్.
ఇప్పుడు పచ్చివి తెంపుకోనొస్తా ఉండాది.
పైన యాడో కురిసిండాది.
నీళ్ళు మాట మార్చినాయి."

ఎందుకో గడియారం చూశాను.
గడియారానికేం తెలుసు.
"వెనక్కి," అన్నాను.

నలభై ఒక్క మొహాలు ఒక్కసారే వాడిపోవడం
మీరెప్పుడైనా చూశారా?
లోకనాథం రాయి తీసి వాగులోకి విసిరాడు.
"పక్క స్కూలోళ్ళు నిన్ననే దాటినారు సార్!"
నిన్నటిది వేరే వాగు, అన్నాను.
వాడికి అర్థం కాలేదు,
విడమరిచి చెప్పే ఓపిక నాకూ లేదు.
తిరుగుదారిలో ఎవరూ పాడలేదు.
ఫోనులో హెడ్మాస్టరు:
"డబ్బులు కట్టించుకున్నాం గదయ్యా,
ఇండ్లల్లో ఏం చెప్పాల?"

మా ఇంట్లో ఒక చెప్పుంది.
నీలం రంగు, ఎడమ కాలిది, ఏడో తరగతి కొలత.
పదకొండేళ్ళ నాడు, ఇట్టాంటి మోకాలి లోతులోనే,
నేను పట్టుకున్న చెయ్యి దక్కింది,
కుడి కాలి చెప్పు పోయింది.
మిగిలినదాన్ని సీటు కింద వదిలేసి
వాడు వట్టికాళ్ళతో ఇంటికి పోయాడు.
ఇంట్లో కొడతారని ఎవరికీ చెప్పలేదు.
నేనూ చెప్పలేదు.
దాటించింది ఒక తప్పు.
నోరు మూసుకున్నది అంతకన్నా పెద్దది.
ఆ మరుసటేడు ఇంకో మాస్టరు
అదే చోట, అదే నెలలో,
నన్నడక్కుండా పిల్లల్ని దించాడు.
అడగడానికి నేనేం రాసిపెట్టాను గనక!

బస్సు కదిలాక రిజిస్టరు ఒళ్ళో పెట్టుకున్నాను.
'జరిగిన సంఘటన' అనే గడిలో
మామూలుగా అడ్డగీత గీస్తాం.
కుదుపుల్లో వంకరగా రాశాను:
పచ్చి మద్దాకులు రెండు.
చీమలున్న పుల్ల ఒకటి.
మధ్యాహ్నం రెండూ పది. తిరిగొచ్చాం.
చెంచయ్య చెప్పాడు.

వాగు ఆ తర్వాత పొంగిందో లేదో
నాకు తెలీదు.
తెలుసుకోవడానికి అక్కడ ఎవరమూ లేము.

తిరపతి దీపాలు కనబడుతున్నాయి.
లోకనాథం ఇంకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు,
నాతో మాట్లాడ్డంలేదు.
వాడితో కలిపి
నలభై ఒకటి.